సర్టిఫికెట్టా, అనుభవమా? ప్రాజెక్ట్ మేనేజర్ కావాలనుకుంటున్న ఒక టీమ్ లీడ్‌కు నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఆరేళ్లుగా టీమ్ లీడ్‌గా ఉన్నారు. ప్లానింగ్, క్లయింట్‌తో మాటలు, డెడ్‌లైన్ల టెన్షన్ అన్నీ మీ మీదే ఉన్నాయి, హోదా మాత్రం లేదు. ఈమధ్య ఖాళీ అయిన ప్రాజెక్ట్ మేనేజర్ పోస్టు మీకంటే అనుభవం తక్కువైన, పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్) సర్టిఫికెట్ ఉన్న సహోద్యోగికి ఇచ్చారు. ఇప్పుడు మీరు కూడా ఆ పరీక్షకు డబ్బు, సమయం పెట్టాలా, లేక మరో రెండేళ్లు పనిచేసుకుంటూ పోతే అనుభవమే పైకి తీసుకెళ్తుందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. మీ పరిస్థితిలో పీఎంపీ రాయండి. దానితో పాటు ఆ ఆరేళ్ల పనిని ఒకసారి కాగితం మీద పెట్టి చూసుకోండి. రెండోది మొదటిదానికన్నా కష్టం, ఎక్కువ ఉపయోగం కూడా. అనుభవం దానంతటది విద్య కాదు. ఏం అంచనా వేశాం, ఏం జరిగింది, ఎందుకు తేడా వచ్చింది అని వెనక్కి తిరిగి చూసుకున్నప్పుడే అది మనకు వంటబడుతుంది. సర్టిఫికెట్ చదువు అలా చూసుకోవడానికి కొన్ని పనిముట్లు ఇస్తుంది. చూసుకోవాల్సింది మాత్రం మనమే.

ముందుగా ఒక అపోహ. సర్టిఫికెట్, అనుభవం రెండూ ఎదురెదురు పక్షాలన్నట్టు మాట్లాడుతుంటారు. పీఎంపీ విషయంలో అది సరికాదు. ఆ పరీక్షకు కూర్చోవాలంటేనే అనుభవం చూపించాలి. బ్యాచిలర్స్ డిగ్రీ ఉన్నవాళ్లకు ప్రాజెక్టులు నడిపించిన అనుభవం 36 నెలలు, డిగ్రీ లేనివాళ్లకు 60 నెలలు, దానితోపాటు 35 గంటల శిక్షణ ఉండాలి. ఒకే నెలలో రెండు ప్రాజెక్టులు నడిపితే దాన్ని ఒక నెలగానే లెక్కిస్తారు. మీకు ముఖ్యమైన సంగతి ఏమిటంటే, పరీక్ష పెట్టేవాళ్లు అడిగేది మీరు ప్రాజెక్టును నడిపించారా అని. మీ ఐడీ కార్డు మీద ప్రాజెక్ట్ మేనేజర్ అని ఉందా లేదా అన్నది కాదు. టీమ్ లీడ్‌గా ప్లాన్ వేసి, పని పంచి, రిస్కులు చూసుకుని, క్లయింట్‌కు జవాబు చెప్పి ఉంటే ఆ నెలలు లెక్కలోకి వస్తాయి. అంటే మీ సహోద్యోగి కూడా ఏ అనుభవమూ లేకుండా ఆ సర్టిఫికెట్ తెచ్చుకుని ఉండరు. ఆ పోస్టు ఎందుకు అలా వెళ్లిందో నాకు తెలియదు కాబట్టి దాని గురించి ఇంకేమీ అనను. మీ మేనేజర్‌ని నేరుగా అడగండి, అడగడంలో తప్పు లేదు.

సర్టిఫికెట్ వల్ల నిజంగా ఒరిగేది ఏమిటి? అందరికీ తెలిసిన ఉపయోగం రెజ్యూమె వడపోతలో. వందల దరఖాస్తులు చూసే హెచ్‌ఆర్ వాళ్లకు మీ ఆరేళ్లలో ఏం చేశారో చదివే తీరిక ఉండదు, మూడక్షరాలు వెతుకుతారు. పెద్ద కాంట్రాక్టుల్లో అయితే క్లయింటే ఫలానా సర్టిఫికెట్ ఉన్న మేనేజర్ కావాలని షరతు పెడతాడు. ఇది న్యాయమా అని వాదించుకోవచ్చు, కానీ ఉద్యోగం వెతుక్కుంటున్న మనిషికి ఆ వాదన కూడు పెట్టదు.

నాకు ఎక్కువ విలువైనదిగా కనిపించేది రెండో ఉపయోగం. ఒకే సంస్థలో, ఒకే బాస్ దగ్గర పని నేర్చుకున్న మనిషికి ఆ ఒక్క చోటి పద్ధతే లోకమంతటి పద్ధతిలా అనిపిస్తుంది. అక్కడ రిస్కుల గురించి ఎప్పుడూ మాట్లాడకపోతే రిస్కులను రాసిపెట్టుకునే రిస్క్ రిజిస్టర్ అన్నది వృథా కాగితంలా తోస్తుంది. అక్కడ క్లయింట్ ఫోన్ చేసి అడిగిన ప్రతి చిన్న మార్పునూ ఒప్పుకుంటుంటే, దాన్నే మంచి సర్వీస్ అనుకుంటాం. చాలా సీనియర్ మేనేజర్ ఒకాయన నడిపిన ప్రాజెక్టులో సరిగ్గా ఇదే చూశాను. పనిమీద పట్టు, టీమ్ మీద ప్రేమ రెండూ ఉన్న మనిషి. క్లయింట్ అడిగిన చిన్న చిన్న చేర్పులన్నీ మాటమీదే ఒప్పుకుంటూ వచ్చారు. ఏ ఒక్కటీ పెద్దది కాదు. అన్నీ కలిసి షెడ్యూల్‌ను మింగేశాయి, ఎందుకు ఆలస్యమైందో చూపించడానికి ఒక్క రికార్డు లేదు. అప్పుడే పరీక్ష పాసై వచ్చిన ఒక జూనియర్ ఒక పేజీ చేంజ్ లాగ్ మొదలుపెట్టింది. అడిగిన మార్పు, అడిగింది ఎవరు, ఎన్ని రోజుల పని, ఒప్పుకున్నది ఎవరు, ఇంతే. తర్వాతి సమీక్షలో ఆ పేజీని బల్లమీద పెట్టేసరికి మాటల తీరే మారింది. కొత్తగా ఏదైనా అడిగే ముందు క్లయింట్ వాళ్లే ఇది ఎన్ని రోజులు పడుతుందని అడగడం మొదలుపెట్టారు. అంత అనుభవం ఉన్న మనిషికి తట్టనిది ఆ అమ్మాయికి తట్టడానికి కారణం తెలివి కాదు. ఆమె దాన్ని చదివింది, ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఇక సర్టిఫికెట్ ఎక్కడ ఆగిపోతుందో చూద్దాం. ఎర్న్‌డ్ వాల్యూ అన్న పద్ధతి మీరు పరీక్ష కోసం ఎలాగూ చదువుతారు. 1960ల్లో అమెరికా రక్షణ శాఖ పెద్ద కాంట్రాక్టులను అదుపులో పెట్టుకోవడానికి పెంచి పోషించిన లెక్క ఇది. ఒక ప్రాజెక్టు మొత్తం 1000 పనిదినాల పని అనుకోండి. ఈరోజుకు 500 పనిదినాల పని పూర్తి కావాలని ప్లాన్. నిజంగా పూర్తయిన పని 400 పనిదినాల విలువైనది. దానికి ఖర్చుపెట్టింది 500 పనిదినాలు. పూర్తయినదాన్ని ఖర్చుతో భాగిస్తే 0.8. ఇదే తీరున సాగితే మొత్తం పనికి 1000ని 0.8తో భాగించినంత, అంటే 1250 పనిదినాలు పడతాయి. ఈ లెక్క తెలియని మేనేజర్, ఎంత అనుభవం ఉన్నా, సగంలోనే ఉన్నాం కదా, వచ్చే నెల కాస్త గట్టిగా పట్టుకుంటే సర్దుకుంటుంది అంటాడు. లెక్క తెలిసినవాడు ఆ మాట అనే ముందు ఆగుతాడు. ఇంతవరకు సర్టిఫికెట్ గెలిచింది.

అయితే ఆ 400 ఎక్కడి నుంచి వచ్చింది? టీమ్ సభ్యులు చెప్పిన శాతాల నుంచి. ఒక పని 90 శాతం అయిందని వరసగా నాలుగు వారాలు రిపోర్టులో కనిపిస్తే అది 90 శాతం అయినట్టు కాదని ఏ ఫార్ములా చెప్పదు. డెవలపర్ దృష్టిలో పూర్తయిన పని టెస్టర్ చేతికి ఇంకా వెళ్లి ఉండకపోవచ్చు. డ్రాయింగ్ పూర్తయిందన్న ఇంజినీర్ దగ్గర అనుమతి సంతకం ఇంకా లేకపోవచ్చు. ఏ పనిని పూర్తయినట్టు ఎంచాలో ముందే గట్టిగా రాసిపెట్టుకోవడం, అనుమానం వచ్చినచోట వెళ్లి కళ్లారా చూడటం, ఎవరి అంచనా ఎప్పుడూ తక్కువగా ఉంటుందో, ఎవరి మాట నిక్కచ్చిగా ఉంటుందో గుర్తుంచుకోవడం, ఇవన్నీ పనిలో పడి నేర్చుకోవాల్సినవే. లోపలికి వెళ్లే అంకె అబద్ధమైతే బయటికొచ్చే ఫలితం రెండు దశాంశాల వరకు కచ్చితంగా ఉన్నా అబద్ధమే.

పరీక్షకూ పనికీ ఉన్న అసలు తేడా కూడా ఇక్కడే ఉంది. 2021 జనవరిలో వచ్చిన పద్ధతిలో పీఎంపీకి 180 ప్రశ్నలు, 230 నిమిషాలు పెట్టారు. చాలా ప్రశ్నలు ఒక సన్నివేశం చెప్పి, ప్రాజెక్ట్ మేనేజర్ ముందుగా ఏం చేయాలి అని అడుగుతాయి. ఆలోచనకు పదును పెట్టే ప్రశ్నలే, కాదనను. కానీ అక్కడ సమస్య ఉందని ప్రశ్నే చెప్పేస్తుంది. పైగా జవాబు ఆ నాలుగైదు ఆప్షన్లలోనే ఉంటుంది. పనిలో సమస్య పేరు పెట్టుకుని రాదు. అంతా ఆకుపచ్చగా, అంటే సవ్యంగా, ఉన్న స్టేటస్ రిపోర్టు రూపంలోనే వస్తుంది.

పాత సిస్టమ్‌లోని డేటాను కొత్తదానిలోకి మార్చే ఒక డేటా మైగ్రేషన్ ప్రాజెక్టులో ఏ సర్టిఫికెట్టూ లేని ఒక లీడ్ చేసిన పని ఇప్పటికీ చాలామందికి చెప్తుంటాను. వెండర్ తరఫు మనిషి మొదట్లో ప్రతి ప్రశ్నకూ వివరంగా జవాబు రాసేవాడు. ఒక దశ నుంచి ‘చూసి చెప్తాను’ అన్న ఒక్క ముక్కే రాస్తున్నాడు. రిపోర్టులో అన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఆ లీడ్ మాత్రం ఆ మార్పు గమనించి, పాత రికార్డులు కొన్ని నా ముందే లోడ్ చేసి చూపించండి అని పట్టుబట్టింది. చూస్తే, అప్పటిదాకా టెస్టింగ్‌లో వాడినవన్నీ కొత్త రికార్డులే. పాతవాటిలో తేదీలు వేరే తీరులో ఉన్నాయి, సగానికి సగం లోడ్ కావడం లేదు. కొత్త సిస్టమ్ వాడకంలోకి వచ్చే గో-లైవ్‌కు ఇంకా టైమ్ ఉండగానే బయటపడింది కాబట్టి సరిపోయింది. ఒక మనిషి జవాబులు పొట్టివైపోవడాన్ని రిస్కుగా చూడాలని ఏ సిలబస్‌లోనూ లేదు.

ఇది చదివి, చూశారా, అనుభవమే గొప్పదని అనుకుంటారేమో. అలా అనుకుని ఆగిపోయినవాళ్లను చాలామందిని చూశాను, అందుకే ఈ భాగం కాస్త నెమ్మదిగా చదవమని కోరుతున్నాను.

మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ 1979లోనే ఒక విషయం రాశారు. మనుషులు ఒక పనికి ఎంతకాలం పడుతుందో అంచనా వేసేటప్పుడు, అలాంటి పనులకు గతంలో పట్టిన కాలాన్ని పక్కన పెట్టి, ఈసారి అంతా ప్లాన్ ప్రకారమే జరుగుతుందన్న లెక్కతో వేస్తారు. దీన్నే ప్లానింగ్ ఫాలసీ అంటారు. గమనించాల్సింది ఏమిటంటే, గతం తెలిసినవాళ్లు కూడా ఇందులో పడతారు. అంటే అనుభవం బుర్రలో ఉన్నా, అంచనా వేసే క్షణంలో చేతికి రాదు.

అదే కానెమన్ 2009లో మరో మనస్తత్వ శాస్త్రవేత్త గ్యారీ క్లైన్‌తో కలిసి ఇంకో వ్యాసం రాశాడు. అనుభవజ్ఞుడి అంతర్బుద్ధిని ఎప్పుడు నమ్మవచ్చన్నది వాళ్ల ప్రశ్న. వాళ్లు తేల్చింది రెండు షరతులు. ఆ రంగంలో ఒకే రకం సంకేతాలు ఒకే రకం ఫలితాలకు దారితీస్తుండాలి. తన తీర్పు సరైనదో కాదో ఆ మనిషికి వెంటనే, స్పష్టంగా, మళ్లీ మళ్లీ తెలుస్తుండాలి. ఇప్పుడు మన పనిని ఆ కొలతతో చూడండి. ఈరోజు వేసిన అంచనా తప్పో ఒప్పో తేలేది ఏడాది తర్వాత. అప్పటికి టీమ్‌లో సగం మంది మారతారు, స్కోప్ (చేయాల్సిన పని పరిధి) మారుతుంది, ఆలస్యానికి పది కారణాలు కలిసిపోతాయి. మన తీర్పులో లోపం ఎంత, పరిస్థితుల పాలు ఎంత అన్నది విడదీయలేం. ప్రాజెక్టు సజావుగా ముగిస్తే మన సమర్థత అంటాం, చెడితే క్లయింట్ అంటాం. ఇలా ఎన్నేళ్లు గడిచినా నేర్చుకునేది తక్కువ, ధీమా మాత్రం పెరుగుతూ పోతుంది.

దీనికి మందు చాలా సాదాగా ఉంటుంది. అంచనా వేసిన రోజునే దాన్ని తేదీతో రాసిపెట్టుకోండి. ఆ అంచనా ఏ నమ్మకాల మీద నిలబడిందో కింద రెండు ముక్కలు రాయండి. ఫలానా టీమ్ ఫలానా నెలలో ఖాళీ అవుతుంది, ఫలానా అనుమతి ఇన్ని వారాల్లో వస్తుంది, ఇలాంటివి. పని ముగిశాక ఆ కాగితం తీసి పక్కన నిజం రాయండి. ముఖ్యమైన నిర్ణయాలకు కూడా ఇలాగే. ఏ నిర్ణయం, ఎవరు తీసుకున్నారు, ఆ రోజుకు తెలిసిందేమిటి. ఇలా కొన్ని ప్రాజెక్టులకు చేసేసరికి మీ సొంత అలవాట్లు కళ్లకు కడతాయి. టెస్టింగ్‌కు ఎప్పుడూ తక్కువ వేస్తున్నానని ఒకరికి తెలుస్తుంది, వెండర్ మాటను యథాతథంగా ప్లాన్‌లో పెట్టేస్తున్నానని ఇంకొకరికి. తర్వాతి అంచనా అప్పుడు ఆశ మీద కాకుండా మీ సొంత చరిత్ర మీద నిలబడుతుంది.

ఇంకొక విషయం కూడా మనసులో పెట్టుకోండి. సర్టిఫికెట్టూ అనుభవమూ రెండూ ఉన్నా మన చేతిలో లేనివి ఉంటాయి. సిడ్నీ ఒపెరా హౌస్ సంగతే చూడండి. 70 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల అంచనాతో మొదలై 10 కోట్ల 20 లక్షల డాలర్లకు చేరింది. 1963లో పూర్తి కావాల్సింది 1973లో తెరిచారు. దాని మీద పనిచేసిన ఇంజినీర్లు ఆ కాలపు ఉద్దండులు. కానీ పైకప్పు డిజైన్ తేలకముందే, 1959లో, రాజకీయ ఒత్తిడి వల్ల నిర్మాణం మొదలుపెట్టేశారు. అలాంటి నిర్ణయం పైనుంచి వచ్చినప్పుడు ప్రాజెక్ట్ మేనేజర్ చేయగలిగింది దాని ఖరీదు ఎంతో అంకెల్లో, రాతపూర్వకంగా, ఆలస్యం కాకముందే చెప్పడం. చెప్పే పద్ధతి చదువు నేర్పుతుంది. చెప్పే ధైర్యం, ఎవరికి ఏ సమయంలో చెప్పాలన్న తెలివిడి పనిలోనే వస్తాయి.

ఏ సర్టిఫికెట్ అన్నదానికి పెద్దగా చర్చ అక్కర్లేదు. మీరు వెళ్లాలనుకునే సంస్థల ఉద్యోగ ప్రకటనలు ఒక ఇరవై తీసి చూడండి, ఏది ఎక్కువ కనిపిస్తే అదే. పీఎంపీని ఇచ్చే పీఎంఐ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్) 1969లో అమెరికాలో మొదలైంది, పరీక్ష 1984 నుంచి ఉంది, ఎక్కువ చోట్ల అడిగేది అదే. బ్రిటన్ ప్రభుత్వ పనుల్లో పుట్టి పెరిగిన ప్రిన్స్2 అన్న సర్టిఫికెట్ అక్కడి సంస్థల్లోనూ, వాటితో పనిచేసేవాళ్లలోనూ చెల్లుతుంది. ఐపీఎంఏ (ఇంటర్నేషనల్ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అసోసియేషన్) వాళ్లది డి నుంచి ఏ వరకు నాలుగు మెట్ల పద్ధతి. పై మెట్లకు మీ ప్రాజెక్టుల మీద నివేదిక, ఇంటర్వ్యూ ఉంటాయి కాబట్టి అనుభవాన్ని నిజంగా తూచేది అదేనని నా అభిప్రాయం. కాకపోతే అన్నిచోట్లా దానికి గుర్తింపు లేదు. పనిని చిన్న చిన్న విడతలుగా చేసే స్క్రమ్ పద్ధతి సర్టిఫికెట్లు సాఫ్ట్‌వేర్ టీముల్లో పనికొస్తాయి, చదువుకు పట్టే కాలం తక్కువ, బరువూ తక్కువే. అసలు అనుభవమే లేని కొత్తవాళ్లకు పీఎంఐ వాళ్లదే సీఏపీఎం ఉంది. మీకది అక్కర్లేదు.

ఇంటర్వ్యూల్లో అవతలి వైపు కూర్చునేవాడిగా కూడా ఒక మాట. సర్టిఫికెట్ ఉన్న అభ్యర్థిని నేను ఫార్ములాలు అడగను. గడువు కుదరదని పైవాళ్లకు చెప్పాల్సి వచ్చిన సందర్భం ఒకటి చెప్పమంటాను. చదువు మాత్రమే ఉన్నవాళ్లు ఎలా చెప్పాలో చెప్తారు. పనిచేసినవాళ్లలో చాలామంది ఎలాగో మేనేజ్ చేశామండి అంటారు, అంతకుమించి ఒక్క వివరం రాదు. ఈ రెండు జవాబుల్లో ఏదీ నాకు సరిపోదు. ఎన్ని రోజుల తేడా వచ్చింది, అది మీకు ఎప్పుడు తెలిసింది, ఎవరికి ఏ రూపంలో చెప్పారు, ఏ ప్రత్యామ్నాయాలు ముందుపెట్టారు, చివరికి ఏది ఎంచుకున్నారు అని చెప్పగలిగినవాళ్లను వదులుకోను, సర్టిఫికెట్ ఉన్నా లేకపోయినా. మీకు ఆ సందర్భాలు ఉన్నాయనే నా నమ్మకం, ఆరేళ్లు టీమ్‌ను లాక్కొచ్చిన మనిషికి ఉండకుండా పోవు. వాటిని మాటల్లో పెట్టడం ఇంకా అలవాటు కాలేదేమో, అంతే.

అందుకే నా సలహా, కోచింగ్‌లో చేరకముందే పీఎంపీ దరఖాస్తు రాయడం మొదలుపెట్టండి. ఒక్కో ప్రాజెక్టు లక్ష్యం ఏమిటి, మీ పాత్ర ఏమిటి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఫలితం ఏమిటి అని అందులో రాయాలి. ఒక వారం సాయంత్రాలు కూర్చుంటే చాలు, మీ ఆరేళ్లలో నిజంగా నడిపించిన నెలలెన్ని, ఎవరో చెప్పింది చేసిన నెలలెన్ని అన్నది తేలిపోతుంది. పరీక్ష రాసినా రాయకపోయినా ఆ కాగితాలే రేపు మీ ఇంటర్వ్యూ జవాబులు, ప్రమోషన్ అడిగేటప్పుడు మీ ఆధారాలు. నిబంధనలు, సిలబస్ కొన్నేళ్లకోసారి మారుతుంటాయి కాబట్టి ఆ రోజుకు పీఎంఐ సైట్‌లో ఏముందో చూసుకునే నింపండి. పాసయ్యాక కూడా మూడేళ్లకోసారి 60 పీడీయూలు (వృత్తిలో నేర్చుకుంటున్నదానికి ఇచ్చే యూనిట్లు) చూపించి రెన్యూ చేసుకోవాలి, ఆ ఖర్చునూ శ్రమనూ ఇప్పుడే లెక్కలో వేసుకోండి.

దరఖాస్తుల్లో కొన్నింటిని ఆడిట్‌కు ఎంచుకుంటారు. మీది వాటిలో ఉంటే, రాసిన ప్రతి ప్రాజెక్టుకూ అప్పటి మేనేజర్ లేదా ఆ పని తెలిసిన మరొకరు ధ్రువీకరించాలి. పాత బాస్‌లు ఉద్యోగాలు మారిపోయాక, నంబర్లు దొరక్క, ఈ దశలో ఇబ్బందిపడేవాళ్లు చాలామంది ఉంటారు. కాబట్టి ఈ వారంలోనే వాళ్లకు ఫోన్ చేసి, ఏ ప్రాజెక్టు గురించి ఏం రాస్తున్నారో చెప్పి ఒప్పించుకోండి. 36 నెలలు కొద్దిలో తక్కువపడితే టీమ్‌లో ఇప్పుడు ఎవరూ పట్టించుకోని చిన్న ప్రాజెక్టు ఏదో ఒకటి ఉంటుంది, దాన్ని మొదటి నుంచి చివరిదాకా మీ పేరుమీద ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. లెక్క కుదిరాక మళ్లీ రాయండి, ఏ పుస్తకాలతో ఎలా చదవాలో అప్పుడు వివరంగా మాట్లాడుకుందాం.